విజయనగరం రింగురోడ్డు కాలనీల్లో ఇళ్లు ఎవరివి, వాటిలో ఉంటున్నది ఎవరు?

రింగురోడ్డు నివాసి

మన ఊళ్లో స్థలాల గురించి ఎక్కడ మాట మొదలైనా గజం ఎంత పలుకుతోంది అన్న దగ్గరే ఆగిపోతోంది. ఆ గజాల మీద లేచిన ఇళ్లలో ఎవరుంటున్నారు, వాళ్ల వయసెంత, వాళ్ల సంపాదన ఈ ఊరిదా బయటి ఊరిదా అన్న సంగతి ఎవరూ అడగడం లేదు. ఆ సంగతి తెలియకుండా ధర గురించి మాట్లాడటం వల్ల ప్రయోజనం తక్కువ అని నాకు అనిపిస్తుంది కాబట్టి ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

కోట, గంటస్తంభం, మూడు లాంతర్లు చుట్టూ ఉన్న పాత ఊళ్లో ఇరుకు వీధులు, వాటాలు పంచుకున్న పెంకుటిళ్లు ఉండేవి. అక్కడి నుంచి కాస్త కలిగినవాళ్లు ముందు కంటోన్మెంట్ వైపు, తోటపాలెం వైపు, తరువాత రింగురోడ్డు చుట్టుపక్కల వేసిన లేఅవుట్లలోకి వచ్చారు. మా కాలనీలో ఇప్పుడు డూప్లెక్స్ ఇళ్లు, కారు షెడ్లు, నలభై అడుగుల రోడ్లు ఉన్నాయి. అయితే చాలా ఇళ్లలో ఇద్దరే మనుషులు, అదీ అరవై దాటిన దంపతులు. పై అంతస్తు అద్దెకు ఇవ్వరు, అమ్మరు. మరోపక్క ధర మాత్రం ఏటా పెరుగుతూనే ఉంది. ఉండేవాళ్లు తగ్గుతుంటే ధర ఎందుకు పెరుగుతోందో తెలిసినవారు వివరంగా రాయాలని కోరుతున్నాను.

విశ్రాంత గణాంకాధికారి

మంచి ప్రశ్న. ముందు మన దగ్గర ఉన్న లెక్కలు ఏం చెబుతాయో, ఏం చెప్పవో చూద్దాం.

2011 జనగణన ప్రకారం విజయనగరం పట్టణ జనాభా సుమారు 2.28 లక్షలు, జిల్లా జనాభా 23.44 లక్షలు. ఆ తరువాత పట్టణం నగరపాలక సంస్థ అయింది, 2022 ఏప్రిల్ 4న జిల్లా హద్దులే మారిపోయాయి. పార్వతీపురం, సాలూరు, కురుపాం మన్యం జిల్లాలోకి వెళ్లాయి, శ్రీకాకుళం జిల్లాలోని రాజాం ఇటు వచ్చింది. అందువల్ల పాత జిల్లా అంకెలను ఇప్పటి జిల్లాకు అతికించి మాట్లాడేవారిని నమ్మకండి.

ఆ జనగణనలో ఉమ్మడి విజయనగరం జిల్లాలో ప్రతి వెయ్యిమంది పురుషులకు 1019 మంది స్త్రీలు ఉన్నారు. దేశం మొత్తానికి ఆ అంకె 943. దీనిని ఆడపిల్లల పట్ల ఆదరణకు గుర్తుగా మాత్రమే చదవకూడదు. పనికోసం మగవాళ్లు విశాఖకో హైదరాబాదుకో ఇంకా దూరాలకో వెళ్లిపోయిన జిల్లాలో ఈ నిష్పత్తి ఇలాగే ఉంటుంది. శ్రీకాకుళం జిల్లాలో కూడా స్త్రీలే ఎక్కువ. పేద కుటుంబం నుంచి మగవాడు వలస వెళితే ఇంట్లో భార్యాపిల్లలు మిగులుతారు. కలిగిన కుటుంబం నుంచి పిల్లలు వలస వెళితే తల్లిదండ్రులు మిగులుతారు. మీ కాలనీలో మీరు చూస్తున్నది ఈ రెండో రకం వలస.

దానికి తోడు పిల్లల సంఖ్యే తగ్గింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. అరవై దాటినవారు 2011లో దేశ జనాభాలో 8.6 శాతం ఉంటే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 9.8 శాతం ఉన్నారు. చదువుకున్న ఉద్యోగస్తుల కాలనీల్లో ఈ రెండు మార్పులూ మిగతా ఊరి కంటే ముందే వచ్చాయని నా అంచనా. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ బయట, నాలుగు పడకగదుల ఇంట్లో ఇద్దరు పెద్దలు అన్నది అక్కడ ఇప్పుడు సాధారణ కుటుంబం.

జనగణన ఆదాయం అడగదు. ఇంట్లో కారు ఉందా, కంప్యూటర్ ఉందా వంటి ప్రశ్నల ద్వారానే ఒక ప్రాంతం స్థితిని ఊహించాలి. కాబట్టి "సంపన్న శివారు" అన్న మాటకు మన దగ్గర అధికారిక కొలత లేదు.

దస్తావేజు లేఖరి

కొనేవాళ్లు ఎవరన్నది నా వృత్తిలో రోజూ కనబడే విషయమే. పేర్లు చెప్పకుండా రకాలు చెబుతాను.

మొదటి రకం ఉద్యోగ దంపతులు. ఇద్దరూ ఉపాధ్యాయులో, ఒకరు బ్యాంకులో ఇంకొకరు రైల్వేలోనో ఉంటారు. వీళ్లు ఉండటానికే కొంటారు, బ్యాంకు అప్పు మీద కొంటారు, చివరి రూపాయి దాకా బేరమాడతారు. రెండో రకం బొబ్బిలి, సాలూరు, చీపురుపల్లి వైపు నుంచి పిల్లల చదువుల కోసం వచ్చే వ్యాపారులు, మిల్లుల వాళ్లు, కాంట్రాక్టర్లు. మూడో రకం సైన్యం నుంచి పదవీ విరమణ చేసి వచ్చినవాళ్లు, మన జిల్లాల్లో వీళ్లు తక్కువేమీ కాదు. నాలుగో రకం విదేశాల్లోనో బెంగళూరు, హైదరాబాదుల్లోనో ఉద్యోగం చేస్తూ అమ్మ పేరున గాని నాన్న పేరున గాని కొనేవాళ్లు. విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఇళ్ల స్థలం కొనుక్కోవచ్చు గాని వ్యవసాయ భూమి కొనడానికి విదేశీ మారక చట్టం ఒప్పుకోదు. ఇళ్ల స్థలంగా మార్పిడి కాని వ్యవసాయ భూమి మీద ఆశ పడినవాళ్లు తల్లిదండ్రుల పేరున కొనడానికి ఒక కారణం అదే.

ఈ నలుగురూ పత్రాల మీద కనబడేవాళ్లు. ధరను పెంచేది మాత్రం చాలాసార్లు పత్రాల మీద కనబడని ఐదో రకం. కొంత అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాయించుకుంటాడు, రిజిస్ట్రేషన్ గడువు ఆరు నెలలు పెట్టుకుంటాడు, ఆ లోపల ఇంకొకరికి లాభానికి మార్చేస్తాడు. ఆ రెండో మనిషి మూడో మనిషిని వెతుకుతాడు. చివరికి రిజిస్ట్రేషన్ ఒక్కసారే జరుగుతుంది, నడుమ చేతులు మారిన ధరలన్నీ వీధిలో "మొన్న ఇంతకు పోయింది" అన్న మాటగా మిగిలిపోతాయి. ఆ మాటనే పక్క ప్లాటు యజమాని తన ధరగా పట్టుకుంటాడు. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 1, మొత్తం ఏడున్నర శాతం కట్టవలసి వస్తుంది కాబట్టి, ఉండటానికి కొనని వాడు రిజిస్ట్రేషన్ దాకా రావడానికి ఇష్టపడడు.

భోగాపురం విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగిన తరువాత ఈ ఐదో రకం మనుషులు బాగా పెరిగారు. నాతవలస కూడలి నుంచి ఊరిలోకి వచ్చే దారిలో ప్రతి బోర్డు మీదా విమానం బొమ్మే. 2025 అక్టోబరులో విశాఖకు గూగుల్ డేటా కేంద్రం ప్రకటన వచ్చినప్పుడు కూడా అంతే, ఆ వారంలో ఫోన్లు ఆగలేదు.

బెంగళూరు నుంచి

పై అంతస్తు ఖాళీగా ఉంచేది మాలాంటి వాళ్లమే కాబట్టి మా వైపు నుంచి చెబుతాను.

ఒక లెక్క వేసి చూడండి. ఇల్లు, స్థలం కలిపి కోటి రూపాయలు చేస్తుందనుకుందాం. మన ఊళ్లో పై వాటాకూ కింది వాటాకూ కలిపి నెలకు ఇరవై వేలు అద్దె వస్తుందనుకుంటే ఏడాదికి 2.4 లక్షలు, అంటే పెట్టుబడి మీద రెండున్నర శాతం కూడా కాదు. ఆ కొద్ది మొత్తం కోసం అమ్మానాన్నల నెత్తి మీద తెలియని కుటుంబాన్ని పెట్టడానికి, నీళ్ల మోటారు దగ్గరా కరెంటు బిల్లు దగ్గరా తగాదాలు తెచ్చుకోవడానికి మనసొప్పదు. అదే కోటి రూపాయల ఇంటిని ఈరోజు ఒక ఉద్యోగి అప్పుతో కొనాలంటే, యాభై లక్షలే అప్పు తీసుకున్నా ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్లపాటు నెలకు నలభై మూడు వేల పైచిలుకు కట్టాలి. అద్దెకూ వాయిదాకూ ఇంత దూరం ఉన్న చోట కొనేవాడు ఉండటానికి కొంటున్నాడని అనుకోవడం కష్టం.

అమ్మకపోవడానికి కారణం వేరు. మా అన్నయ్య అమెరికాలో ఉంటాడు. ఆయన పేరున ఉన్న ప్లాటు అమ్మాలంటే, కొనేవాడు ధరలోంచి పన్ను మినహాయించి ప్రభుత్వానికి జమ చేయాలి. దేశంలో ఉన్నవాడి దగ్గర కొంటే, ఆస్తి విలువ యాభై లక్షలకు తక్కువ కానప్పుడు ఒక్క శాతం మినహాయిస్తే సరిపోతుంది. విదేశంలో ఉన్నవాడి దగ్గర కొంటే ఆ మినహాయింపు ఎన్నో రెట్లు ఎక్కువ, కాగితాలూ ఎక్కువ. ఊళ్లో కొనేవాళ్లు ఆ తలనొప్పి ఎందుకని పక్క ప్లాటు చూసుకుంటారు. అలా అమ్మకానికి రావలసిన స్థలాలు రాకుండా నిలిచిపోతాయి, వచ్చిన కొద్ది స్థలాల మీద డబ్బంతా పోటీ పడుతుంది. ధర పెరగడానికి ఆశ ఒక్కటే కారణం కాదని నేను చెప్పదలచుకున్నది అందుకే.

మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఒకసారి మా వీధి చూస్తే ఈ కాలనీ నిజమైన కుటుంబం ఎంతో తెలుస్తుంది. ఆ నాలుగు రోజులూ ప్రతి ఇంటి ముందూ కార్లు, ప్రతి పై అంతస్తులోనూ దీపాలు. బుధవారం రాత్రికి అందరూ రైళ్లెక్కేస్తారు.

స్టాఫ్ నర్సు

ఇంతవరకు అందరూ యజమానుల గురించే రాశారు. ఈ కాలనీలు నడవడానికి రోజూ వచ్చే మాగురించి కూడా రాయాలి.

నేను ఒక ఆసుపత్రిలో పని చేస్తూ సాయంత్రాలు రింగురోడ్డు వైపు రెండు మూడు ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లకు ఇంజెక్షన్లు, డ్రెస్సింగులు చేస్తాను. ఒక ఇంట్లో పక్షవాతం వచ్చిన పెద్దాయన కింది గదిలో ఉంటారు, పైన మూడు గదులకు తాళం. వారి అమ్మాయి ప్రతి రాత్రీ వీడియోలో నాతో మాట్లాడుతుంది, నాన్నగారు ఎంత తిన్నారో అడుగుతుంది. ఆ పిల్ల ప్రేమలో ఏ లోటూ లేదు. కాని రాత్రి రెండు గంటలకు ఆయన మంచం మీద నుంచి జారితే లేపడానికి డెబ్బై ఏళ్ల ఆవిడ ఒక్కరే ఉన్నారు.

ఆ వీధిలోనే అద్దెకు ఉండాలని నేను చాలా ప్రయత్నించాను. ముందు మీరు ఎవరు అంటారు, తరువాత మీరు ఏమిటోళ్లు అంటారు, మాంసం వండుతారా అంటారు, డ్యూటీ నుంచి రాత్రిపూట వస్తే గేటు ఎవరు తీస్తారు అంటారు. వారి ఒంట్లో సూది గుచ్చడానికి పనికొచ్చిన చెయ్యి వారి పై వాటాలో వంట చేయడానికి పనికిరాకపోవడం నాకు బాధ కలిగించింది, ఆ మాట దాచుకోవడం లేదు. వంటమనుషులు, ఇంటి పనివాళ్లు, కాపలావాళ్లు కూడా శివారు గ్రామాల నుంచి ఆటోల్లో వస్తారు. వర్షం పడితే రారు. రాని రోజున ఆ పెద్ద ఇళ్లలో ఇద్దరు వృద్ధులు ఎలా గడుపుతారో ఆలోచించండి.

గాజులరేగలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరులో మొదలైంది. విద్యార్థులు, హౌస్‌సర్జన్లు, నర్సులు ఏటా పెరుగుతారు. వాళ్లకు ఒకటి రెండు గదుల వాటాలు కావాలి, ఇక్కడ కడుతున్నవన్నీ మూడు పడకగదుల ఇళ్లే.

సివిల్ ఇంజనీరు

చెల్లెమ్మ గారి చివరి మాటకు జవాబు లేఅవుట్ లెక్కలో ఉంది. ఎకరానికి 4,840 గజాలు. రోడ్లకు, పది శాతం ఖాళీ స్థలానికి, ఇతర అవసరాలకు విడిచిపెట్టాక ప్లాట్లకు 55 శాతం మిగిలిందనుకుంటే 2,662 గజాలు. అంటే భూమి కొన్న ధరకు దాదాపు రెట్టింపు నుంచే గజం ధర మొదలవుతుంది, దాని మీద రోడ్లు, కాలువలు, కరెంటు స్తంభాలు, అనుమతుల ఖర్చు, వడ్డీ. అంత ధర పెట్టి రెండు వందల గజాలు కొన్నవాడికి చిన్న ఇల్లు కట్టాలని అనిపించదు, స్థలం ధరకు తగ్గ ఇల్లు కడతాడు. చిన్న వాటాలు రావాలంటే అపార్ట్‌మెంట్లే దారి. మన ఊళ్లో సొంత స్థలం మీద మమకారం ఎక్కువ కాబట్టి అవి ఆలస్యంగా వచ్చాయి. ఇప్పుడు మోకాళ్ల నొప్పులున్న దంపతులే డూప్లెక్స్ మెట్లు ఎక్కలేక లిఫ్టు ఉన్న ఫ్లాట్ల గురించి అడుగుతున్నారు. ఇది మంచి మార్పు.

కొనేవారికి ఒక మాట. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ గాని, ఎనిమిది ఫ్లాట్లు దాటిన భవనం గాని 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కింద నమోదు కావాలి. కొనుగోలుదారుల నుంచి తీసుకున్న డబ్బులో 70 శాతం ఆ పనికోసమే వేరే ఖాతాలో ఉంచాలి, నిర్మాణ లోపం ఐదేళ్లలో బయటపడితే కట్టినవాడే బాగుచేయాలి. బోర్డు మీద విమానం బొమ్మ కంటే ముందు రెరా నంబరు, పట్టణాభివృద్ధి సంస్థ అనుమతి చూడండి. మనది ఇప్పుడు వీఎంఆర్‌డీఏ (పాత ఉడా స్థానంలో వచ్చిన విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) పరిధి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా, అంటే 22-ఏ నిషేధిత జాబితా కూడా చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

నీటి సంగతి ఎవరూ ఎత్తలేదు. పాత ఊరికి చెరువులు ఊరికే తవ్వలేదు. కొత్త లేఅవుట్లలో చాలాచోట్ల బోరే ఆధారం. వాననీరు పారే గెడ్డలు పూడ్చి ప్లాట్లు వేసిన చోట వేసవిలో బోరు ఎండుతుంది, అక్టోబరు తుపానుకు వీధి మునుగుతుంది. 2014 హుద్‌హుద్ చూసిన ఊరికి ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు.

విశ్రాంత గణాంకాధికారి

ఇంజనీరు గారి గజాల లెక్క పక్కన ఇంకొక లెక్క పెట్టాలి. ఒక సెంటు అంటే 48.4 గజాలు. 2020 డిసెంబరులో ఇళ్ల పట్టాలిచ్చినప్పుడు పట్టణ పేదలకు సెంటు, గ్రామాల్లో సెంటున్నర చొప్పున కేటాయించారు. మన నగరం పక్కనే గుంకలాంలో వేసిన లేఅవుట్ రాష్ట్రంలోని పెద్దవాటిలో ఒకటి, పన్నెండు వేల పైచిలుకు ప్లాట్లు. పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టిన టిడ్కో ఫ్లాట్లు 300, 365, 430 చదరపు అడుగులు. రింగురోడ్డులో ఒక కారు షెడ్డూ దాని ముందు ఖాళీ జాగా కలిపితే ఇంచుమించు ఒక సెంటు ఉంటుంది. ఒకే నగరంలో ఒకచోట నలుగురైదుగురికి సెంటు, ఇంకొకచోట ఇద్దరికి నాలుగు సెంట్లు. ఈ రెండింటినీ కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఏ ఒక్కరి జీవితాన్నీ చెప్పదు.

పాత ఊరి వ్యాపారి

బజారు వీధుల నుంచి ఒక సంగతి. రాయగడ, కొరాపుట్ వైపు నుంచి వచ్చే కుటుంబాలను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. రైలు సౌకర్యం ఉంది కాబట్టి ఆసుపత్రికి, పిల్లల కాలేజీకి మొదటినుంచీ మన ఊరే వాళ్లకు పట్నం. ఇప్పుడు వాళ్లలో కలిగినవాళ్లు పిల్లలతో తల్లిని ఇక్కడ ఉంచడానికి ఇల్లే కొంటున్నారు. అలాంటి ఇంట్లో తండ్రి ఆదివారం మాత్రమే కనబడతాడు. నా దుకాణంలో సరుకులు కొనే తీరులోనే తెలుస్తుంది. పాత ఊరి కుటుంబం బియ్యం బస్తా తీసుకుంటుంది, ఈ ఇళ్లవాళ్లు ఐదు కిలోల సంచి తీసుకుంటారు.

పాత ఊళ్లో మా వీధి ఇళ్లు వాటాదార్లు ఎక్కువై అమ్ముడుపోవడం లేదు. ఏడుగురు సంతకాలు పెట్టవలసిన ఇంట్లో ఇద్దరు హైదరాబాదులో, ఒకరు దుబాయిలో ఉంటే ఆ ఇల్లు కూలిపోవలసిందే. ఊరి నడిబొడ్డున, గుడికీ బడికీ నడిచి వెళ్లే దూరంలో, నర్సమ్మగారి వంటివారికి సరిపోయే ఇళ్లు ఇలా పాడవుతున్నాయి. శివారులో కొత్త లేఅవుట్లకు ఇచ్చే శ్రద్ధలో కొంత వీటికి ఇస్తే ఊరికి మేలు.

రింగురోడ్డు నివాసి

అందరికీ కృతజ్ఞతలు. నర్సమ్మగారూ, మీరు రాసింది మా ఇంట్లో చదివి వినిపించాను. మా కాలనీ సంఘం సమావేశంలో పై వాటాల అద్దె విషయం నేనే లేవనెత్తుతాను. వైద్య కళాశాల నర్సులకు, హౌస్‌సర్జన్లకు కులం, తిండి అడగకుండా రాతపూర్వక ఒప్పందంతో ఇవ్వడానికి ఎవరెవరు సిద్ధమో అడుగుతాను. లేఖరి గారు ఒప్పందం నమూనా ఒకటి ఇవ్వగలరా?

గణాంకాధికారి గారూ, రాబోయే జనగణనలో మా ఖాళీ వాటాలు లెక్కకు వస్తాయా?

విశ్రాంత గణాంకాధికారి

కొంతవరకే వస్తాయి. 2027 మార్చి 1 ప్రమాణ తేదీగా జరిగే జనగణనకు ముందు ఇళ్ల జాబితా తయారవుతుంది. 2011లో దేశంలో 33 కోట్ల పైచిలుకు ఇళ్లలో 2.47 కోట్లు ఖాళీ అని తేలింది. అప్పుడు సామాన్లు ఉండి తాళం వేసిన ఇంటిని ఖాళీ ఇల్లు కింద కాకుండా వేరే పద్దు కింద చూపారు. కింది వాటాలో తల్లిదండ్రులు ఉంటూ పైన తాళం వేసిన ఇల్లు మాత్రం నిండుగా ఉన్న ఇల్లుగానే నమోదవుతుంది, ఎన్ని గదులు ఉన్నాయో రాసుకుంటారు గాని ఎన్ని వాడుతున్నారో అడగరు. ఆ అంకె కావాలంటే మీ సంఘమే వీధివారీగా రాసుకోవాలి. ఇంటి నంబరు, గదులు, వాడుతున్న గదులు, ఉంటున్నవారి వయసులు, పిల్లలు ఉన్న ఊరు, రాత్రి పిలిస్తే పలికే మనిషి ఎవరు. పేర్లు రాయకండి. ఫారం నేను తయారుచేసి ఇస్తాను.

దస్తావేజు లేఖరి

పదకొండు నెలల అద్దె ఒప్పందం నమూనా రేపు ఇక్కడే పెడతాను. గేటు తాళం చెవి రెండో ప్రతి అద్దెదారుకు ఇవ్వాలన్న షరతు కూడా అందులో రాస్తాను, రాత్రి డ్యూటీ వాళ్లకు అది లేకపోతే మిగతా షరతులన్నీ వృథా.